నీళ్లు తీశాయి, మనిషి తప్పుకొన్నాడు

బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీ ముందు లారీని వెనక్కి పెట్టేటప్పుడు క్లీనరు వేసే కేక వినండి. "రానీ... రానీ... ఇంకా రానీ... ఆపు!" నాపబండల దొంతర వైపు లారీ వీపు తిప్పుకొని వస్తూ ఉంటుంది. స్టీరింగు దగ్గర కూర్చున్నవాడికి అది వెనక్కి పోవడం. కింద నిలబడి చెయ్యి ఊపేవాడికి అది తన దగ్గరికి రావడం. అదే ఊళ్లో డోన్ బస్సు ఎక్కితే మెట్ల దగ్గర జనం కిక్కిరిసినప్పుడు కండక్టరు మూడో మాట వాడతాడు: "ఎనక్కి జరగండప్పా, ఎనక్కి జరగండి."

రా, పో, జరుగు. ఇంగ్లీషువాడు ఈ మూడింటికీ 'మూవ్ బ్యాక్' అని ఊరుకోగలడు. చూసేవాడు ఎక్కడున్నాడో చెప్పే బాధ్యత ఆ మాటకు లేదు. తెలుగుకు ఉంది. ఈ వ్యాసం ఆ బాధ్యత గురించే.

ప్రశ్న చిన్నగా మొదలైంది. ఇంగ్లీషులో 'రిసీడ్' అనే క్రియ ఉంది. వరద వెనక్కి పోతే అదే మాట, సముద్రం వెనక్కి పోతే అదే, పంటి చిగురు జారినా అదే, నుదుటి మీద జుట్టు పలచబడినా అదే, బస్సు కిటికీలోంచి చూస్తుండగా ఊరు దూరమైపోయినా అదే. దీని పక్కనే రిట్రీట్, విత్‌డ్రా, రికాయిల్ అనే చుట్టాలున్నాయి. వీటికి తెలుగులో ఏం చెప్పాలి అని నిఘంటువులు తిరగేస్తే మూడు మాటలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి: వెనుకకు పోవు, తగ్గు, తిరోగమించు. మొదటిది చాలా వెడల్పు. రెండోది చాలాచోట్ల సరిపోతుంది గానీ అన్నిచోట్లా కాదు. మూడోదాన్ని బేతంచెర్ల సంతలో ఎవరి నోటా వినం.

ఒక్క భాషతో పోల్చితే ఈ ప్రశ్న ఇంగ్లీషు కొలతలోనే ఉండిపోతుంది. అందుకే పక్కన తుర్కీ భాషను పెట్టుకొన్నాను. ఆ భాషే ఎందుకంటే, తుర్కీ కూడా మనలాగే ధాతువు వెనక ప్రత్యయాలు అతికించుకుంటూ పోయే భాష. క్రియ వాక్యం చివర వస్తుంది. విభక్తి నామం వెనక వస్తుంది. 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం అచ్చువేసినప్పుడు ఈ పోలికలు చూసే మన భాషలకు 'సిథియన్' కుటుంబంతో బంధుత్వం ఉందని వాదించాడు. ఆ కుటుంబంలో తుర్కీని కూడా చేర్చాడు. తర్వాతి పండితులు ఆ బంధుత్వాన్ని ఒప్పుకోలేదు. చుట్టరికం లేకపోయినా నడక ఒకటైన భాష మన మాటల్ని పరీక్షించడానికి మంచి గీటురాయి.

ముందు ఆ ఇంగ్లీషు మాట పుట్టుక చూద్దాం. అది తిన్నగా మన సీమలోకే వస్తుంది. రిసీడ్‌లో రెండు ముక్కలున్నాయి: 'రి' అంటే వెనక్కి, 'సీడ్' అంటే పోవు, దారి ఇవ్వు, వదులుకొను. లాటిన్ ధాతువు. దీని నుంచే 'సీడ్' అనే విడి క్రియ కూడా వచ్చింది: భూమిని ఇంకొకరికి వదిలిపెట్టడం. 1800లో హైదరాబాదు నిజాం తుంగభద్రకు దక్షిణాన ఉన్న జిల్లాలను కుంపిణీకి వదిలినప్పుడు ఇంగ్లీషువాళ్లు వాటిని 'సీడెడ్' జిల్లాలు అన్నారు. మనవాళ్లు 'దత్తమండలం' అని తర్జుమా చేసుకొన్నారు. ఇచ్చినవాడి వైపు నుంచి, పుచ్చుకొన్నవాడి వైపు నుంచి చూస్తే ఆ పేరు సరైనదే. ఆ నేల మీద బతికేవాడి వైపు నుంచి చూస్తే? వాడెక్కడికీ పోలేదు, ఎవరికీ దారి ఇవ్వలేదు. వాడు దుక్కి దున్నుతున్న చోటే ఉన్నాడు.

ఈ బాధను మాటల్లో పెట్టింది నంద్యాలే. 1928 నవంబరులో అక్కడ జరిగిన ఆంధ్ర మహాసభల సందర్భంలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అనే పేరు ప్రతిపాదించారు, సభ ఆమోదించింది. ఆయన భాషా పండితుడు, ఆంధ్రభాషా చరిత్ర రాసినవాడు. నూట ఇరవై ఎనిమిదేళ్లు ఒక క్రియ బరువు మోసిన ప్రాంతానికి భాషావేత్త చేత పేరు మార్పించుకోవడం నాకు ఎంతో సముచితంగా కనిపిస్తుంది. అదే నవంబరు ఒకటో తారీఖున తుర్కీ దేశంలో అరబ్బీ లిపి పోయి లాటిన్ అక్షరాలు వచ్చాయి. నాలుగేళ్లకు, 1932లో, తుర్కీ భాషా సంఘం పుట్టి అరబ్బీ, పారసీక పదాల బదులు ఇంటి మాటలు వెతకడం మొదలుపెట్టింది. సైన్యం వెనక్కి మళ్లడానికి అంతకుముందు వాడుకలో ఉన్న 'రిజాత్' అనే అరబ్బీ మాట పాతబడింది. దాని చోటికి వచ్చింది 'గెరి చెకిల్‌మె'. గెరి అంటే వెనక్కి.

అసలు కథ ఈ 'చెకిల్‌మెక్' అనే క్రియలో ఉంది. చివరి 'మెక్' మన 'డం' లాంటిది. 'చెక్' అంటే లాగు. మధ్యలో 'ఇల్' చేరగానే లాగబడు, తనను తాను లాగుకొను అనే అర్థం వస్తుంది. ఈ ఒక్క మాట చేసే చాకిరీ చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వరద పోయిందంటే 'సులర్ చెకిల్ది', నీళ్లు లాగుకొన్నాయి. అభ్యర్థి పోటీలోంచి పక్కకు పోతే చెకిల్ది. రాజు సింహాసనం వదిలితే చెకిల్ది. తల్లికి పాలు ఇంకిపోతే చెకిల్ది. చిగురు పంటి మీంచి జారితే చెకిల్ది. దారికి అడ్డంగా నిలబడ్డవాణ్ని గద్దించాలంటే 'చెకిల్!' అంటే చాలు. 'ఇల్' తీసేసి వాడితే బ్యాంకులోంచి డబ్బు లాగడం. అన్నం ఉడికేటప్పుడు బియ్యం నీళ్లను లాగేసుకోవడం.

ఇప్పుడు వీటిని వరసగా తెలుగులో చెప్పి చూడండి. వరద తగ్గింది. అభ్యర్థి తప్పుకొన్నాడు. రాజు గద్దె దిగాడు. పాలు ఇంకిపోయాయి. చిగుళ్లు జారాయి. దారికడ్డం తొలుగు! డబ్బు తీశాను, లేదా డ్రా చేశాను. అన్నంలో నీళ్లు ఇగిరిపోయాయి. ఎనిమిది చోట్ల ఎనిమిది క్రియలు. మొదటిసారి ఈ పట్టిక రాసుకొన్నప్పుడు ఇది మన లోటేమో అనిపించింది. తుర్కీ రైతు ఒక్క తాడుతో కట్టేదానికి మనం ఎనిమిది తాళ్లు పేనుకుంటున్నామే అని. మళ్లీ చూస్తే ఆ ఎనిమిదింటిలో ప్రతిదీ ఒక చూపు. పాలు ఇంకితే లోపలికి పోయాయి. నీళ్లు ఇగిరితే ఆవిరై పైకి పోయాయి, కూర దగ్గరపడింది. చిగురు జారితే కిందికి పోయింది. తుర్కీ క్రియ లాగే శక్తిని చెబుతుంది, తెలుగు క్రియ పోయిన దిక్కు చెబుతుంది. అందుకే కూరను చూసి 'ఇంకింది' అని, నేలను చూసి 'ఇగిరింది' అని ఎవరైనా అంటే ఆ మనిషికి వంటా తెలియదు, వ్యవసాయమూ తెలియదు అనుకుంటాం.

అయినా రెండు భాషలూ అచ్చంగా కలిసే చోటు ఒకటుంది: తప్పుకొను. 'పక్కకు తప్పుకో' అని దారిలో అంటాం. 'బరి నుంచి తప్పుకొన్నారు' అని పత్రికలు రాస్తాయి. 'పదవి నుంచి తప్పుకొన్నారు' అనీ రాస్తాయి. చెకిల్‌మెక్ కూడా ఈ మూడు చోట్లా అలాగే పనిచేస్తుంది. తుర్కీలో 'ఇల్' చేసే పనిని ఇక్కడ 'కొను' చేస్తోంది: పని తనమీదికే తిప్పుకోవడం. మన క్రియలో ఇంకో సొగసు కూడా ఉంది. కొను తీసి 'ఇంచు' పెడితే తప్పించు. 1924 మార్చిలో అంకారా సభ చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్‌ను పదవి నుంచి తీసేసినప్పుడు ఆయన తప్పుకోలేదు, తప్పించారు. ఆ ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌కు, ఆ వంశానికే చెందిన నీలోఫర్‌కు 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్ నగరంలో నిజాం కొడుకులతో పెళ్లిళ్లయ్యాయి. హైదరాబాదులో ఈనాటికీ పిల్లల జబ్బుకు తల్లులు పరుగెత్తే ఆసుపత్రి పేరు నీలోఫర్. తుర్కీ భాష మన ఊళ్లకు అంత దూరమేమీ కాదని చెప్పడానికి ఈ మాట.

తప్పుకొను అనే క్రియకు ఒక హద్దుంది. దానికి ఇష్టం కావాలి. నీళ్లకు ఇష్టం ఉండదు గనుక వరద తప్పుకోదు. నీళ్లకు తెలుగువాళ్లు వేరే మాటలు పెట్టుకొన్నారు. కృష్ణా, గోదావరి లంకల్లో వరద 'తీసింది' అంటారు. తీయు మామూలుగా కర్మ కోరే క్రియ, ఎవరో దేన్నో తీయాలి. ఇక్కడ తీసేదీ తెలియదు, తీసిందేమిటో తెలియదు. వరద తనంతట తానే తీసింది. ఈ వాడుక అందం నిఘంటువుల్లో వివరంగా కనబడాల్సినంత కనబడదు. సముద్రం ఒడ్డున ఆటుపోట్లు ఉన్నాయి: ఎక్కితే పోటు, దిగితే ఆటు. వాన ఆగితే 'వెలిసింది', కాస్త ఊపిరి తీసుకొంటే 'తెరిపిచ్చింది'. ఇక్కడ వెనక్కి పోవడం అనే ఊహే లేదు.

మా వైపు నీళ్లు తగ్గుతాయి, లేదా దిగుతాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్టణం మునిగినప్పుడు మిద్దెల మీద రాత్రంతా గడిపిన మనిషికి 'తిరోగమించు' అనే మాట తోచదు. "నీళ్లు దిగినాయా?" అని అడుగుతాడు. కొలత గోడ మీది మరక, చూపు పైనుంచి కిందికి. ఇంగ్లీషు రిసీడ్ అడ్డంగా పోతుంది, తీరం నుంచి దూరంగా. సీమ మాట నిలువుగా పోతుంది, మిద్దె నుంచి కిందికి. రెండూ నిజమే, నది ఒడ్డున నిలబడ్డవాడికి మొదటిది, నదే ఇంట్లోకి వచ్చినవాడికి రెండోది. పత్రికలు 'వరద తగ్గుముఖం పట్టింది' అని రాసేది ఈ రెంటినీ కలిపిన మంచి పలుకుబడి.

బాయి సంగతి వేరు. ఎండాకాలం బాయిలో నీళ్లు తగ్గవు, 'ఇంకిపోతాయి', 'అడుగంటుతాయి'. అడుగు అంటుతుంది అనే మాటలో కరువు సీమ అనుభవం మొత్తం ఉంది. తుర్కీలో బాయికి కూడా చెకిల్ది అనే అంటారు. ఇక్కడ మాత్రం మన మాటే మేలని నేను మొహమాటం లేకుండా చెబుతాను. నీళ్లు ఎటు పోయాయన్నది కాదు, బొక్కెన దేనికి తగిలిందన్నది అడుగంటింది అనే మాట చెబుతుంది.

ఇంతకీ బేతంచెర్ల నిలబడింది వెనక్కి పోయిన ఒక సముద్రం మీద. ఇక్కడి నాపరాయి సున్నపురాయి జాతి. వందల కోట్ల రూపాయల వ్యాపారమా, పదుల కోట్లదా అన్న లెక్కల కన్నా ముందు ఆ రాయి కోట్లాది సంవత్సరాల కిందటి సముద్రపు బురద. పొర మీద పొరగా పేరుకొంది కాబట్టే గనిలో ఉలి పెట్టి కొడితే పలకలుగా లేస్తుంది. భూగర్భ శాస్త్రం ఈ రాళ్ల వరసలను 'కర్నూలు గ్రూపు' అంటుంది. అందులోని ఒక్కొక్క పొరకు పెట్టిన పేర్లు చదువుతుంటే మన ఆర్టీసీ బస్సు బోర్డులు చదివినట్టుంటుంది: బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద రాసిన గ్రంథం ఈ చదువుకు పునాది. సముద్రం నేల మీదికి రావడానికి, మళ్లీ వెనక్కి పోవడానికి శాస్త్రంలో జంట మాటలున్నాయి. పాఠ్యపుస్తకాలు రెండోదాన్ని 'సముద్ర తిరోగమనం' అంటాయి.

ఈ తిరోగమనం దగ్గర కాస్త ఆగాలి. సంస్కృతంలో 'తిరః' అంటే అడ్డంగా, మరుగున అని. తిరోధానం అంటే కనబడకుండా పోవడం, తిరస్కారం అంటే పక్కకు నెట్టడం. ఆ లెక్కన తిరోగమనం మరుగైపోవడం కావాలి, వెనక్కి నడవడం కాదు. వెనక్కి అనే అర్థానికి సంస్కృతంలో ప్రతిగమనం, నివర్తనం ఉన్నాయి. తెలుగులో మాత్రం తిరోగమనం పురోగమనానికి ఎదురుమాటగా స్థిరపడింది. తెలుగు చెవికి 'తిరుగు' అనే ధ్వని దగ్గరగా వినిపించడమే దీనికి తోడ్పడిందని నా ఊహ. వాడుక స్థిరపడ్డాక దాన్ని తప్పని కొట్టేయడం పండితుల పని కాదు. అయినా ఒక సంగతి చెప్పుకోవాలి: రిసీడ్ అనే ఇంగ్లీషు మాటకు కళ్ల ముందు నుంచి మెల్లగా దూరమై మరుగవడం అనే అర్థం కూడా ఉంది. తిరోగమనం అనే మాట తన అవయవాల అర్థంతో సరిగ్గా అక్కడికే సరిపోయేది. అక్కడ మనం దాన్ని వాడం, 'కనుమరుగు' అంటాం. అది ఇంకా బాగుంది.

ఇక మనిషి దగ్గరికి వద్దాం. వెనుక అనే మాట వెన్ను నుంచి వచ్చింది. ఇంగ్లీషు 'బ్యాక్' కూడా వీపే. తుర్కీలో వీపుకు, వెనకవైపుకు 'ఆర్కా' అనే మాట ఉంది గానీ వెనక్కి కదలడానికి గెరి అనే వేరే మాట వాడతారు. మనకు శరీరమే దిక్కు. అందుకే యుద్ధంలో పారిపోయినవాడు 'వెన్ను చూపాడు', పాత తెలుగులో 'వెన్నిచ్చాడు'. భయపడితే 'వెనుకంజ' వేస్తాడు, అంజ అంటే అడుగు. 'మడమ తిప్పడం' కూడా వెనక్కి తగ్గడమే. సీమ రాజకీయ సభల్లో 'మాట తప్పను, మడమ తిప్పను' అనే నినాదం మోగినంతగా ఇంకెక్కడా మోగలేదు. పూర్తిగా పారిపోతే కాలికి బుద్ధి చెప్పాడంటాం, సిగ్గుతో పోతే తోక ముడిచాడంటాం. వెన్ను, మడమ, కాలు, చివరికి లేని తోక కూడా. పారిపోవడంలోని 'పారు' ఒకప్పుడు పరుగెత్తడం. ఇప్పుడు ఏట్లో నీళ్లకు మిగిలింది. భయపడ్డ మనిషి, పల్లం చూసిన నీళ్లు ఒకే క్రియలో ఉన్నారు.

ఈ మాటలన్నిటిలో ఒక చిక్కుంది. అన్నింటికీ నింద అంటుకొని ఉంది. వెనక్కి పోవడం తెలుగులో దాదాపు ఎప్పుడూ ఓటమే. 2021లో వచ్చిన పుష్ప సినిమాతో 'తగ్గేదే లే' దేశమంతా పాకింది. తగ్గడమంటే పరువు పోవడమనే అర్థం అందులో ఎంత గట్టిగా ఉందో వేరే చెప్పాలా? మరి ఆలోచించి, బలం కాపాడుకోవడానికి వెనక్కి పోయేవాణ్ని ఏమనాలి? ఉయ్యాలవాడ నరసింహారెడ్డినే తీసుకోండి. 1846లో కుంపిణీ సేనలు వెంటపడినప్పుడు ఆయన కొండల్లోకి వెళ్లాడు, అక్కణ్నుంచి పోరాడాడు. ఆ అక్టోబరులో పేరుసోమల దగ్గర పట్టుబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన కొండల్లోకి వెళ్లడాన్ని 'వెన్ను చూపాడు' అనగల నాలుక ఈ సీమలో లేదు. 'వెనక్కి తగ్గాడు' అన్నా మనసు ఒప్పదు. ఇంగ్లీషు సైనిక భాషలో ఓడి పోవడానికి, పథకం ప్రకారం బలగాన్ని వెనక్కి తీసుకోవడానికి వేరే మాటలున్నాయి. తుర్కీలో గెరి చెకిల్‌మెక్‌కు నింద అంతగా అంటదు, కేవలం కదలిక. మనకున్నది ఒక్క 'తప్పుకొను', కాస్త 'వైదొలగు'. ఈ ఖాళీ నిజమైన ఖాళీ. చరిత్ర రాసేవాళ్లు దీన్ని గుర్తించక పోవడం వల్ల ఎందరో వీరుల కదలికలు 'పరారీ' అనే పోలీసు మాటలో ఇరుక్కుపోయాయి. దీని గురించి నాకు కోపమే ఉంది.

మాట వెనక్కి తీసుకోవడంలో మాత్రం తుర్కీ, తెలుగు కవల పిల్లలు. 'సొజును గెరి ఆల్' అంటే అక్షరాలా 'నీ మాట వెనక్కి తీసుకో'. ఇక్కడ మనకు 'వాపసు' కూడా ఉంది, పారసీకం నుంచి వచ్చింది. సీమ ఉర్దూ వల్ల నోట్లో బాగా నలిగిన మాట. కేసు వాపసు, డబ్బు వాపసు. తుర్కీవాళ్లూ వెనక్కి తగ్గడానికి 'వజ్‌గెచ్‌మెక్' అంటారు, అందులో మొదటి ముక్క పారసీకమే. రెండు దూరపు ఇళ్లలో ఒకే పొరుగింటి చెంబు.

ప్రభుత్వం వెనక్కి తీసుకొంటే ఆ చెంబు పనికిరాదు, 'ఉపసంహరణ' కావాలి. నామినేషన్ల ఉపసంహరణ, 2021లో సాగు చట్టాల ఉపసంహరణ, 2023 మేలో రెండు వేల రూపాయల నోట్ల ఉపసంహరణ. ఈ మాటను నేను ఎక్కిరించలేను, ఎందుకంటే దీనికి భారతంలో గొప్ప నేపథ్యం ఉంది. సౌప్తిక పర్వంలో అర్జునుడు వదిలిన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామ చేతకాక ఉత్తర గర్భం మీదికి మళ్లించాడు. వదలడం అందరికీ వచ్చు, వెనక్కి తీసుకొనే మంత్రం తెలిసినవాడే అధికారి. చట్టానికీ నోటుకూ ఈ మాట వాడటంలో ఆ అర్థం మిగిలే ఉంది. రుతుపవనాలకు వాడటమే నప్పదు. గాలిని ఎవరూ వదలలేదు, ఎవరూ ఉపసంహరించరు. వాతావరణ శాఖ 2020 నుంచి పాటిస్తున్న లెక్కలో నైరుతి రుతుపవనాలు సెప్టెంబరు 17 ప్రాంతంలో రాజస్థాన్ నుంచి వెనక్కి మళ్లడం మొదలుపెడతాయి. మన రైతుకు అది ఉత్తర కార్తె. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్నాడు: ఆ కార్తెలో చినుకు పడకపోతే గంప నెత్తిన పెట్టుకొని ఊరు వదలమని. గాలి వెనక్కి పోయిన సంగతిని రైతు గాలి వైపు నుంచి చెప్పలేదు. తను ఎప్పుడు కదలాలో చెప్పాడు.

పంచాంగంలో గ్రహం వెనక్కి నడిస్తే 'వక్రించింది' అంటారు. వంకరపోయింది అని. భూమి మీంచి చూసేవాడికి అలా కనిపిస్తుందే తప్ప గ్రహం నిజంగా వెనక్కి రాదు కాబట్టి ఈ మాట ఎంతో ఒద్దికైనది. తుపాకీ పేలితే భుజాన్ని 'తన్నుతుంది'. తుర్కీలోనూ 'గెరి తెప్‌మెక్', తెప్ అంటే తన్ను. పథకం ఎదురుతిరిగినా వాళ్లు అదే మాట వాడతారు, మనం 'బెడిసికొట్టింది' అంటాం. ఆర్థిక వ్యవస్థ వెనక్కి పోవడాన్ని ఇంగ్లీషు 'రిసెషన్' అంటుంది, ఈ రిసీడ్ బిడ్డే. 2008లో అమెరికాలో ఉద్యోగాలు పోయి మన పిల్లలు ఇళ్లకు ఫోన్లు చేసిన రోజుల్లో పత్రికలు దాన్ని 'మాంద్యం' అన్నాయి. మందగించడం. తుర్కీవాళ్లు 'దుర్గున్లుక్' అన్నారు, నిలిచిపోయిన నీటి స్థితి. వెనక్కి పోవడమనే ఊహను రెండు భాషలూ వద్దనుకొన్నాయి.

కాలానికి వస్తే వెనుక అనే మాట రెండు పక్కలకూ నడుస్తుంది. 'వెనకటికి ఒకడు' అంటే ఎప్పుడో గతంలో. 'ఆ వెనుక' అంటే తర్వాత. అందుకే పెళ్లి ముహూర్తం 'వెనక్కి జరిపారు' అని ఫోన్లో చెబితే మళ్లీ తారీఖు అడిగి తీరాలి. శుభలేఖలు రాసేవాళ్లకు నాదొక మనవి, ఆ మాట వాడొద్దు, తారీఖే చెప్పండి.

నిఘంటువుల మీద నా తీర్పు ఇది. 1820లో కడపలో దిగిన సి.పి. బ్రౌన్ 1852లో ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు తెచ్చాడు. జనం నోటి మాటలు, ఉర్దూ, మరాఠీ కలిసిన కచేరీ మాటలు కూడా నిఘంటువుకు అర్హమైనవేనని నమ్మి 1854లో మిశ్రభాషా నిఘంటువు వేరుగా వేశాడు. 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం కావ్యాల వైపు మొగ్గింది. మగుడు, మరలు, ఓహటించు వంటి పాత క్రియలు ఈవాళ మనకు అర్థమయ్యేది ఆ పుణ్యమే. భద్రిరాజు కృష్ణమూర్తి నడిపిన మాండలిక వృత్తిపదకోశం 1962 నుంచి రైతులూ చేతిపనివాళ్లూ అనే మాటలను జిల్లాలవారీగా ఏర్చింది. ఈ మూడు దారులూ ఒకచోట కలవాలి. ఇంగ్లీషు క్రియ ఎదురుగా తెలుగు క్రియలు కామాలు పెట్టి వరసగా పేర్చడం చాలదు. కదిలేది ఏమిటి, చూసేవాడు ఎక్కడ, అందులో నింద ఉందా లేదా, ఈ మూడూ చెప్పి ఒక్కొక్క వాక్యం ఇవ్వాలి. నీళ్లకు తగ్గు, దిగు, తీయు, పదవికి తప్పుకొను, ఆజ్ఞకు ఉపసంహరించు, మాటకు వెనక్కి తీసుకొను, బాయికి అడుగంటు. క్వారీలో లారీకి 'రానీ' కూడా ఉండాలి. లారీ వెనక్కి పెట్టేటప్పుడు కింద నిలబడ్డవాడి ప్రాణం ఆ మాట మీదే ఉంటుంది.

చివరికి అనువాదకులకు ఒక వాక్యం వదిలిపెడతాను. నంద్యాల జిల్లాలోనే, కొత్తపల్లె మండలంలో, కృష్ణా, భవనాశి నదుల కూడలిలో సంగమేశ్వరం ఉంది. ఏడు నదులు కలిసే చోటని పేరు. అక్కడి లింగం రాయి కాదు, వేపకొయ్య. ధర్మరాజు ప్రతిష్ఠించాడని నమ్మకం. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు అక్కడిదాకా నిలిస్తే గుడి మొత్తం లోపలే ఉంటుంది. ఏటా ఎండలు ముదిరి జలాశయం తగ్గే కొద్దీ ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి కనిపిస్తాయి. బురద కడిగి మొదటి పూజ చేస్తారు. ఇంగ్లీషులో ఈ వార్త రాసేవాడు నీళ్లను కర్తగా పెట్టి రిసీడ్ అంటాడు. తుర్కీవాడు చెకిల్ది అంటాడు. మనవాళ్లు నీళ్ల ఊసే ఎత్తరు. "సంగమేశ్వరుడు బయటపడినాడు" అంటారు.